లవ్ కామెడీ కథకి హీరో హీరోయిన్లని ఒప్పించడం ఎలా?

లవ్ కామెడీ కథ రాసుకుని నటుల చుట్టూ తిరుగుతున్న మీరు, "లైన్ విన్నవాళ్లంతా 'బాగుంది, చూద్దాం' అని పంపేస్తున్నారు" అన్నారు. చిక్కంతా ఆ లైన్‌తోనే, అంటే రెండు మూడు మాటల్లో చెప్పే కథాసారంతోనే. ఇద్దరు కలుస్తారు, గొడవపడతారు, మళ్లీ కలుస్తారు. ఏ లవ్ కామెడీనైనా లైన్‌గా చెబితే ఇంతే. మేనేజర్‌కి 2 నిమిషాల్లో లైన్ చెప్పి, హీరో దగ్గర 20 నిమిషాలు అడగండి. అక్కడ ఒక్క సీన్ మొత్తం చెప్పండి.

పంచ్‌లు ఎక్కువున్న సీన్ వద్దు, మాట లేకుండా నటించే చోటున్నది ఎంచుకోండి. ఉదాహరణకి, బ్రేకప్ అయ్యాక అమ్మాయి అతని హెల్మెట్ తిరిగిస్తుంది. అతను పెట్టుకుంటాడు, క్లిప్ పడదు. ఆమె అలవాటుగా చెయ్యి చాచి క్లిప్ పెట్టేసి, అప్పుడు నాలుక కరుచుకుంటుంది. ఇక్కడ మీరు 4 సెకన్లు ఆగాలి. ఆగకుండా తర్వాతి డైలాగ్‌కి దూకినా, మీ జోక్‌కి మీరే ముందు నవ్వినా సీన్ పోయినట్టే.

ఫుల్ నెరేషన్, అంటే కథంతా వినిపించడం, 2 గంటలు దాటనివ్వకండి. ఎక్కువగా దెబ్బతినేది సెకండాఫ్‌లో, విడిపోయే కారణం దగ్గర. "ఒక్కసారి ఫోన్ చేసి అడిగితే అయిపోయేదిగా?" అని నటులు అక్కడే పట్టేస్తారు. దానికి జవాబు లేకుండా వెళ్లొద్దు.

హీరోయిన్‌కి నెరేషన్ విడిగా ఇవ్వాలి, కథ ఆమె వైపు నుంచి ఎత్తుకోవాలి. 2016లో వచ్చిన పెళ్ళిచూపులులో రీతూ వర్మ పాత్రకి ఫుడ్ ట్రక్ పెట్టాలన్న సొంత పట్టుదల ఉంది. ప్రేమ తీసేసినా ఆ పాత్రకి చెయ్యడానికి పని మిగులుతుంది. మీ కథలో మిగలకపోతే ముందు అది సరిచేసుకోండి.

మాస్ ఇమేజ్ ఉన్న హీరోకి "రెండు ఫైట్లు పెడతాం సార్" అని ఆశ చూపొద్దు, కథ రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది. ఎన్ని కాల్షీట్లు (నటులు షూటింగ్‌కి ఇవ్వాల్సిన రోజులు), ఎన్ని లొకేషన్లు అన్నది కాగితం మీద పెట్టండి. రెండు పెద్ద సినిమాల మధ్య గ్యాప్‌లో పూర్తవుతుందంటే చెవి ఒగ్గుతారు. "ఫలానా హీరోయిన్ ఓకే అన్నారు" అన్న అబద్ధం మాత్రం ఆడకండి, మేనేజర్లు ఒక్క ఫోన్‌తో తేల్చేస్తారు.

ఓకే అన్నాక అడ్వాన్స్ ఇచ్చి, ఇద్దరి కాంబినేషన్ డేట్స్ (ఇద్దరూ కలిసి షూటింగ్‌కి వచ్చే రోజులు) కలిసేలా అగ్రిమెంట్‌లో రాయించుకోండి. ఇలాంటి కథలో సగానికి పైగా సీన్లు ఆ ఇద్దరివే. డేట్స్ కుదరకపోతే హీరోయిన్ క్లోజప్పులు హీరో డూప్ భుజం మీంచి తీయాల్సొస్తుంది.