థెమిస్ న్యాయదేవతా, ధర్మదేవతా?

సందేహం: కోర్టుల్లో కళ్లకు గంతలతో, చేతిలో త్రాసుతో ఉండే బొమ్మను గ్రీకుల న్యాయదేవత అంటారు. ఆమె పేరు థెమిస్, థీమిస్, తెమిస్ అని మూడు రకాలుగా కనిపిస్తోంది. ఏది ఒప్పు? మనకు ధర్మం అనే మాట ఉండగా న్యాయదేవత అనడమెందుకు, ధర్మదేవత అంటే తప్పా?

సమాధానం: పేరు సంగతి తేలిక, ముందు అది తేల్చేద్దాం. థెమిస్ అని రాయండి. గ్రీకులో మొదటి అక్షరం థీటా, ప్రాచీన కాలంలో దాన్ని ఒత్తి మన థకారంలాగే పలికేవారు. ఇంగ్లీషు 'థింక్'లో వినపడే ఊదుడు తర్వాత వచ్చింది. పక్కనున్న అచ్చు హ్రస్వం. ఇంగ్లీషువాళ్లు దాన్ని సాగదీసి థీమిస్ అంటారు, అది విని మనవాళ్లూ దీర్ఘమిస్తారు. తెలుగు లిపిలో ఎ, ఏ రెండూ ఉన్నాయి కదా, వాడుకుంటే పోయేదేముంది. పనిలో పనిగా, ఆమె భర్త, అంటే గ్రీకు దేవతల రాజు పేరు జియస్ అని రాయండి. జ్యూస్ అని రాస్తే చదివేవాళ్లకు గ్లాసు గుర్తొస్తుంది!

ఇక అసలు ప్రశ్న. ఇక్కడ ఇద్దరు దేవతలున్నారు, తల్లీ కూతుళ్లు, అందరూ కలిపేస్తున్నది వీళ్లనే. హెసియోడ్ అనే కవి చెప్పిన వంశక్రమంలో థెమిస్ ఆకాశానికీ భూమికీ పుట్టిన కూతురు, జియస్‌కు రెండో భార్య. వాళ్లకు పుట్టిన కూతుళ్లలో ఒకామె పేరు దికే. తగవు, విచారణ, తీర్పు, అంటే మనం కోర్టు పని అనుకునేదంతా కూతురిది. మరి తల్లిది ఏమిటంటే, కోర్టు దాకా వెళ్లకముందే మనిషికి ఏది చెయ్యాలో ఏది కూడదో తెలిసి ఉండే కట్టుబాటు.

హోమర్ ఒడిస్సీలో ఒక చోటు చూడండి. ఒడిస్సియస్ ముసలి బిచ్చగాడి వేషంలో పందుల కాపరి గుడిసెకు వస్తాడు. కుక్కలు మీద పడతాయి, కాపరి వాటిని తరిమి లోపలికి తీసుకెళ్లి, రొట్ట పరిచి, తాను పడుకునే మేకతోలు దాని మీద వేసి కూర్చోబెడతాడు. వచ్చినవాడు తన యజమానే అని అతనికి తెలియదు. నీకంటే హీనంగా ఉన్నవాడు వచ్చినా అతిథిని చిన్నచూపు చూడడం నాకు 'థెమిస్' కాదు అంటాడు. చిన్న అక్షరంతో రాసే మామూలు మాట అది, దేవత పేరు కాదు. దీన్ని తెలుగులో ఎలా చెబుతాం? న్యాయం కాదు అని కొంతవరకు అనొచ్చు, ధర్మం కాదు అనడం ఇంకా నయం, కానీ మన పల్లెలో ఒక పెద్దాయన నోట సహజంగా వచ్చేది "పద్ధతి కాదు నాయనా" అనే మాట. నన్నడిగితే ఆ మాటకు ఇంతకంటే దగ్గరి తెలుగు లేదు. పద్ధతిదేవత అనలేం కాబట్టి ఆగిపోతున్నాను గానీ.

మాట పుట్టుక చూస్తే ఇంకో తమాషా. థెమిస్‌లోని ధాతువుకు 'ఉంచు, నెలకొల్పు' అని అర్థం, సంస్కృతంలో 'ధా' అదే. నిధి, విధి, విధానం, విధాత అన్నీ అందులోంచి వచ్చినవే, అంటే థెమిస్‌కు రక్తసంబంధం ఉన్నది మన విధితో. ధర్మం వచ్చిన 'ధృ' ధాతువు వేరు, దానికి 'పట్టి నిలుపు' అని అర్థం. కూతురు దికే మాత్రం దిశ, ఆదేశం, నిర్దేశం అనే మాటల చుట్టం. అలాగని థెమిస్‌ను విధిదేవత అందామా అంటే, తెలుగులో విధి అనగానే ఉద్యోగి విధుల కంటే ముందు నుదుటి రాత తగులుతుంది. ఆ రాత దేవతలు, మొయిరాయ్ అనే ముగ్గురు, హెసియోడ్ ఒకచోట చెప్పినదాని ప్రకారం థెమిస్ కూతుళ్లే. అది వేరే పేచీ.

ధర్మదేవతతోనూ ఒక ఇబ్బంది ఉంది. సంస్కృతంలో 'దేవతా' స్త్రీలింగ శబ్దమే అయినా మగ దేవుళ్లకూ వాడతారు, అందుకే మన పురాణాల్లో ధర్మదేవత అంటే యముడూ కావచ్చు, నాలుగు పాదాల మీద నడిచే ఆవో ఎద్దో కావచ్చు. అయినా పక్కన పేరు ఉంటే గందరగోళం రాదు. "గ్రీకుల ధర్మదేవత థెమిస్" అని నిక్షేపంగా రాసుకోండి, తప్పు లేదు సరికదా అదే మేలు. న్యాయదేవతను దికేకు వదిలేయండి.

కోర్టు బొమ్మకు న్యాయదేవత అనే పేరు స్థిరపడింది, దాన్ని కదపక్కర్లేదు. దాని పక్కన థెమిస్ అని చేర్చడమే నాకు నచ్చదు. ఆ బొమ్మ రోమన్ల న్యాయదేవత జస్టీషియా వైపు నుంచి వచ్చింది. గ్రీకులు చిత్రించిన థెమిస్ ఎలా ఉంటుందో చూడాలంటే బెర్లిన్ మ్యూజియంలో క్రీ.పూ. 5వ శతాబ్దపు మట్టిపాత్ర ఒకటి ఉంది: డెల్ఫీలో ముక్కాలిపీట మీద కూర్చుని, ఒక చేత పళ్లెం, ఒక చేత ఆకుల రెమ్మ పట్టుకుని, ఎదురుగా నిలబడ్డ రాజుకు జోస్యం చెబుతుంటుంది. కత్తి లేదు, త్రాసు లేదు, కళ్లు తెరిచే ఉన్నాయి. గంతలు యూరప్‌లో చాలా తర్వాత వచ్చాయి, అదీ మొదట్లో వెటకారంగా. 1494లో బాసెల్‌లో అచ్చయిన వ్యంగ్య కావ్యంలోని బొమ్మలో ఒక మూర్ఖుడు వెనకనుంచి న్యాయదేవత కళ్లకు గుడ్డ కడుతుంటాడు. గానుగెద్దుకు కట్టే గంతలని మనం అనడం ఆ వెటకారానికి భలే అతికింది. 2024 అక్టోబరులో వార్తల్లోకి వచ్చిన మన సుప్రీంకోర్టు కొత్త విగ్రహానికి గంతలు లేవు, కత్తి స్థానంలో రాజ్యాంగం ఉంది, చీర కట్టుకుంది. ఆమెను న్యాయదేవత అంటే చాలు, గ్రీకు పేరు అవసరం లేదు.

అన్నట్టు, విభక్తులు చేర్చేటప్పుడు థెమిస్‌కు, థెమిస్‌ను అని రాయండి. బస్సు, ఆఫీసు లాగా థెమిసు అన్నా వ్యాకరణం ఒప్పుకుంటుంది, కాకపోతే పేర్లకు అలా ఉకారం చేర్చడం ఇప్పుడు బాగా తగ్గిపోయింది.