వెర్డి 'ఒటెల్లో' రికార్డింగ్‌లో వెనిస్ అంకం ఎందుకు లేదు?

షేక్‌స్పియర్ నాటకం 'ఒథెల్లో'లో వెనిస్‌లో జరిగే మొదటి అంకాన్ని ఇటాలియన్ స్వరకర్త వెర్డి ఒపేరా (పాటలతో నడిచే నాటకం) కోసం రాసేటప్పుడే తీసేశారు, కాబట్టి అది రికార్డింగ్‌లోనూ ఉండదు.

ఒక మాటను పలకడం కంటే పాడటానికి చాలా ఎక్కువసేపు పడుతుంది. నాటకం మొత్తాన్ని ఉన్నదున్నట్టు పాడితే తెల్లారిపోతుంది. అందుకే ఇటాలియన్ పాఠం రాసిన అరిగో బోయిటో సుమారు 3,500 పంక్తులను 800 లోపుకు కుదించాడు. 1887లో మిలాన్‌లోని లా స్కాలాలో తొలి ప్రదర్శన జరిగింది. ఆ రోజు ఆర్కెస్ట్రాలో చెల్లో వాయించిన టోస్కానినియే తర్వాత పేరొందిన సంగీత నిర్వాహకుడై 1947లో రేడియో కోసం దీన్ని నిర్వహించాడు. ఆ రికార్డింగ్ పెట్టగానే సైప్రస్ తీరంలో తుపాను విరుచుకుపడుతుంది. అడుగున ఆర్గన్ మంద్రస్థాయిలో పక్కపక్క స్వరాలను ఒకేసారి పట్టుకుని గుర్రుమంటూనే ఉంటుంది.

అయితే వెనిస్ పూర్తిగా పోలేదు. నాటకంలో ఒథెల్లో వెనిస్ సెనేట్ ముందు, భార్య డెస్డెమోనా గురించి "నా కష్టాలు విని ఆమె నన్ను ప్రేమించింది, ఆమె జాలి చూసి నేను ప్రేమించాను" అని చెప్పుకుంటాడు. ఒపేరాలో అదే మాట మొదటి అంకం చివర భార్యాభర్తల యుగళగీతంలోకి చేరింది. నా దృష్టిలో ఇది నాటకంలో కంటే బాగా అతికింది.

చాలామంది కథలోని దుష్టపాత్ర ఇయాగో తన నమ్మకాలను చెప్పుకుంటూ పాడే 'క్రెడో' అనే పాటను కూడా షేక్‌స్పియర్ రాశాడనుకుంటారు. కాదు, అది బోయిటో సొంత కల్పన. ఇక కథంతా వెనిస్‌లోనే నడుస్తుంటే మీరు వింటున్నది వెర్డిని కాదు, మరో ఇటాలియన్ స్వరకర్త రోసినీ 1816లో చేసిన 'ఒటెల్లో'ని.