పెరట్లో కోళ్ళు పెంచబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

పెరట్లో నాలుగైదు కోళ్ళను పెంచి ఇంటికి కావలసిన గుడ్లు ఇంట్లోనే తీసుకోవాలని ఉందనీ, ఏ జాతి కొనాలో చెప్పమనీ రాశావు. జాతి సంగతికి వస్తాను గానీ, దానికన్నా ముందు తేల్చుకోవలసినది ఒకటుంది. గుడ్లు మానేసిన పెట్టను ఏం చేస్తావు? పెట్ట అయిదారు నెలల వయసులో గుడ్లకు వస్తుంది, మొదటి రెండేళ్ళు బాగా పెడుతుంది, ఆ తరువాత ఏటేటా తగ్గిస్తూ పోతుంది, కానీ జాగ్రత్తగా చూసుకుంటే ఆరేడేళ్ళూ, ఒక్కోసారి అంతకు మించీ బతుకుతుంది. అంటే నీవు మేపే కాలంలో సగానికి పైగా అది తిన్న దాణాకు తగిన గుడ్లు ఇవ్వదు. దాన్ని కూరకు వాడుకోవడమా, చివరి దాకా ఊరికే మేపడమా అన్నది మీ ఇష్టం. రెండింటిలోనూ తప్పు లేదు. అయితే పిల్లలు వాటికి పేర్లు పెట్టి, అరచేతిలో గింజలు పోసి తినిపించడం మొదలుపెట్టాక ఈ మాట ఎత్తడం కష్టం కనుక, మొదటి కోడి రాకముందే ఇంటిల్లిపాదీ కూర్చుని నిర్ణయించుకోండి. గూడు ఎంత ఉండాలి, ఏ జాతి తేవాలి, ఎన్ని తేవాలి అన్నవన్నీ దాన్నిబట్టే తేలుతాయి.

ముసలి పెట్టలను కూడా ఉంచుకునేటట్టయితే ఇప్పుడు మూడింటితో మొదలుపెట్టి, రెండేళ్ళకోసారి మరో రెండు మూడు చేర్చుకునేందుకు వీలుగా గూడు పెద్దదిగా కట్టించు. మూడుకు తగ్గించవద్దు, ఎందుకంటే కోడి ఒంటరిగా ఉండలేదు, రెండే ఉంటే ఒకటి పోయినప్పుడు రెండవది ఒంటరిదవుతుంది. గుడ్లే ప్రధానమైతే వైట్ లెగ్‌హార్న్ వంటి తేలిక జాతి తక్కువ తిని ఎక్కువ గుడ్లు పెడుతుంది, కానీ దానికి బెదురు ఎక్కువ, ఒంట్లో మాంసం తక్కువ. గుడ్లూ కూరా రెండూ కావాలనుకుంటే రోడ్ ఐలాండ్ రెడ్, ప్లిమత్ రాక్ వంటి బరువైన జాతులు నయం. పెంకు తెల్లగా ఉందా గోధుమ రంగులో ఉందా అన్నది జాతిని బట్టి వచ్చేదే తప్ప లోపలి బలానికీ దానికీ సంబంధం లేదు. పుంజుతో నీకు పని లేదు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు పొదిగితే పిల్లలు కావు, అంతే. ఒకరోజు వయసు పిల్లలను కొంటే మొదటి వారం 35 డిగ్రీల వేడిలో ఉంచి, ఆ తరువాత వారానికి సుమారు మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ రావాలి. మొదటిసారి పెంచేవారికి అది అనవసరమైన అవస్థ. టీకాలు పూర్తయి, గుడ్లకు రాబోతున్న పెట్టలనే కొనుక్కో.

ఖర్చు పెట్టదలచుకున్నదంతా గూటి మీద పెట్టు. ఒక్కో కోడికి గూటి లోపల నాలుగు చదరపు అడుగులు, బయట తిరిగే దడిలో పది చదరపు అడుగులు ఉంటే అవి ఒకదాన్నొకటి పొడుచుకోకుండా ఉంటాయి. కోళ్ళ దడికని అమ్మే పలుచని వల కోడిని లోపల ఉంచుతుందే గానీ కుక్కను, ముంగిసను బయట ఆపలేదు. కనుక గూటికి అరంగుళం కన్నాల గట్టి ఇనుప జాలీ కొట్టించి, దాని అంచును దడి చుట్టూ భూమిలోకి ఒక అడుగు దించు. గాలి ఆడే సందులు కోళ్ళ తలలకన్నా ఎత్తులో ఉండాలి. పొద్దున్నే తలుపు తీయగానే ముక్కుకు ఘాటు కొట్టిందంటే, ఆ అమ్మోనియాను రాత్రంతా అవి పీల్చాయన్న మాటే. వాలడానికి వేసే కర్రలు గుడ్లు పెట్టే అరలకన్నా ఎత్తుగా ఉండాలి. లేకపోతే అవి అరల్లోనే పడుకుని రెట్టలు వేస్తాయి, మురికి గుడ్లు కడుక్కోవడం నీ వంతవుతుంది. నాలుగైదు పెట్టలకు ఒక అర చాలు. ఎన్ని కట్టినా అన్నీ ఒకదాని కోసమే పోట్లాడతాయి.

మేపు విషయంలో జాలి పనికిరాదు. వంటింట్లో మిగిలినవన్నీ వేస్తే కోళ్ళు ఆనందంగా తింటాయి, గుడ్లు మాత్రం తగ్గుతాయి. గుడ్లు పెట్టే పెట్టకు రోజుకు వంద నుంచి నూట ఇరవై గ్రాముల లేయర్ దాణా కావాలి. అందులో మాంసకృత్తులు సుమారు 16 శాతం, కాల్షియం మూడున్నర నుంచి నాలుగు శాతం ఉండాలి. ఇంత కాల్షియం కోడిపిల్లల మూత్రపిండాలను చెడగొడుతుంది కనుక ఈ దాణా గుడ్లకు రాని కోళ్ళకు పెట్టకూడదు. ఆల్చిప్పల పొడిని వేరే గిన్నెలో పెట్టి ఉంచితే ఏ పెట్టకు ఎంత కావాలో అదే తింటుంది. పళ్ళు లేని కోడికి గింజలు నలిగేది కందనకాయలోనే కాబట్టి సన్నని గులకరాళ్ళు కూడా అందుబాటులో ఉండాలి. ఆకుకూరలు వేస్తే సొన రంగు తేరుతుంది. బూజు పట్టిన గింజలు, పచ్చి చిక్కుడు గింజలు, పచ్చబారిన బంగాళాదుంప తొక్కలు, అవకాడో వేయవద్దు. నీళ్ళు ఎప్పుడూ నీడలో, శుభ్రంగా ఉండాలి. ఎండాకాలంలో కొన్ని గంటలు నీళ్ళు లేకపోయినా కొన్ని రోజుల గుడ్లు పోతాయి.

కోడి కడుపులో ఒక గుడ్డు తయారు కావడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది, అందులో ఇరవై గంటల దాకా పెంకుకే సరిపోతుంది. అందుకే రోజురోజుకూ కాస్త ఆలస్యంగా పెడుతూ వచ్చి మధ్యలో ఒకరోజు మానేస్తుంది. పగలు చిన్నవయ్యే కాలంలోనూ, ఈకలు రాల్చి కొత్తవి తెచ్చుకునే రెండు మూడు నెలలూ గుడ్లు తగ్గడమో ఆగడమో సహజం. అలాంటప్పుడు పెట్ట పని అయిపోయిందని తీర్మానించవద్దు. పెడుతోందో మానేసిందో తెలియాలంటే దాన్ని చంకలో ఇరికించుకుని, తోక కింద రెండువైపులా తగిలే సన్నని ఎముకల మధ్య వేళ్ళు ఆనించి చూడు. పెడుతున్నదానికి రెండు మూడు వేళ్ళ ఎడం ఉంటుంది, తురాయి ఎర్రగా, నిండుగా ఉంటుంది. మానేసినదానికి ఒక వేలు పట్టడమే కష్టం.

పట్టపగలు కనిపించని శత్రువు గూట్లోనే కాపురం ఉంటుంది. బాగా చీకటి పడ్డాక టార్చి పట్టుకుని వెళ్ళి, వాలే కర్ర గోడకు ఆనే చోట సందులో తెల్ల కాగితాన్ని గట్టిగా రాసి చూడు. కాగితం మీద ఎర్రని చారలు పడితే అది కోళ్ళ నెత్తురే, తాగినవి పగలు సందుల్లో దాక్కునే చిన్న చిన్న పురుగులు. కర్రలు ఊడదీసి సలసల కాగే నీళ్ళు పోసి, సందులు పూడ్చి, మందు సంగతి పశువైద్యుణ్ణి అడుగు. కోళ్ళు పొర్లాడడానికి పొడి మట్టి, బూడిద కలిపిన గుంట ఒకటి ఉంటే ఒంటి మీది పేలు చాలావరకు అదుపులో ఉంటాయి. కోళ్ళను చంపే కొక్కెర తెగులుకు (రాణిఖేత్ వ్యాధి) టీకా ఉంది కానీ వచ్చాక మందు లేదు. కొత్తగా తెచ్చిన కోడిని మూడు నాలుగు వారాలు విడిగా ఉంచాకే మందలో కలుపు. ఒకేసారి రెండు మూడు చనిపోతే వాటిని కోయవద్దు, వండవద్దు, ఉత్త చేతులతో ముట్టవద్దు. వెంటనే పశువైద్యుడికి చెప్పు. మందు వాడిన కోడి గుడ్లు ఎన్నాళ్ళు తినకూడదో కూడా ఆయననే అడిగి రాసిపెట్టుకో.

గుడ్డు పెంకు మీద సహజంగా ఒక పలుచని పొర ఉంటుంది, అది క్రిములను లోపలికి పోనివ్వదు. అందువల్ల శుభ్రంగా ఉన్నదాన్ని కడగకుండా సన్న చివర కిందికి ఉండేలా దాచు. కడగక తప్పకపోతే గుడ్డుకన్నా కాస్త వెచ్చని నీటితో కడిగి ఫ్రిజ్‌లో పెట్టు. ఆ రోజు పెట్టిన గుడ్డు పగలగొట్టి వేయించుకోవడానికి శ్రేష్ఠం, ఉడికించడానికి మాత్రం పనికిరాదు. పెంకుతో పాటు తెల్లసొన కూడా ఊడి వస్తుంది. వారం ఆగి ఉడికిస్తే తొక్క సులువుగా వస్తుంది.

ఇక కూరకని నిర్ణయించుకుంటే, ఆ పెట్టకు ముందు రాత్రి మేత ఆపి నీళ్ళు మాత్రం ఉంచు, మిగతా కోళ్ళ కంటపడకుండా, చేయి తిరిగినవారి చేత కోయించు. కోసిన వెంటనే వండితే మాంసం బిర్రుగా ఉంటుంది. ఒకరోజు ఫ్రిజ్‌లో ఉంచాక, సన్నని సెగ మీద రెండు మూడు గంటలు ఉడకనివ్వు. ముక్కకన్నా అందులో దిగే రసమే రుచి, లేత కోడికి ఆ రుచి రాదు.

గూటికి స్థలం చూసుకున్నాక కొలతలు కాగితం మీద గీసి నాకు పంపు. జాలీ, చెక్క కొనకముందే చూసి చెబుతాను.

ఇట్లు,
మీ మేనమామ