పరాయివాళ్లు సొంతవాళ్లయ్యే నవలలు ఏవి చదవాలి?

ఇలాంటి నవలలంటే ప్రాణమనీ, ఇంట్లోవాళ్లేమో చిన్నపిల్లల పుస్తకాలని తీసిపారేస్తున్నారనీ మీరు రాశారు. ఇంకా ఏవి చదవాలో చెప్పమన్నారు. నాకూ ఇవే ప్రాణం. ఎందుకో చెబితేగానీ నా జాబితా మీకు అర్థం కాదు.

మాది చెన్నైలో పెరంబూరు. నేను పెళ్లయి ఈ ఇంటికి వచ్చేసరికి మా ఆయనకు ఏడేళ్ల కూతురుంది. వాళ్లమ్మ పోయి అప్పటికి రెండేళ్లు. నన్ను పిన్ని అని పిలవమని పెద్దవాళ్లు చెప్పారు. అది ఏమనీ పిలిచేది కాదు. ఏదైనా కావాలంటే వచ్చి నా పక్కన నిలబడేది, అంతే. బడికి పెట్టిన డబ్బా మూత కూడా తీయకుండా తిరిగి తెచ్చేది. ఒకరోజు కోపం పట్టలేక బాల్కనీలోకి పంపి తలుపేశాను. అయిదు నిమిషాలకే మనసొప్పక తలుపు తీస్తే, ఆరేసిన దుప్పటి వెనక్కి దూరి, బట్టల క్లిప్పులతో రైలు చేసి ఆడుకుంటోంది! మర్నాడు బడి నుంచి వస్తూనే తనంతట తనే వెళ్లి అక్కడ కూర్చుంది. నేనూ డబ్బా పట్టుకుని దుప్పటి వెనక్కి దూరాను. ఆ రోజు సగం తింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు జార్జ్ ఎలియట్ 1861లో రాసిన 'సైలస్ మార్నర్' చదివాను. కూడబెట్టిన బంగారమంతా దొంగ పాలైన ఒంటరి నేతగాడి గుడిసెలోకి, మంచు కురిసే రాత్రి ఒక పసిపిల్ల వస్తుంది. చూపు సరిగా ఆనని సైలస్, పొయ్యి ముందు మెరుస్తున్న ఆ జుట్టు చూసి తన బంగారమే తిరిగొచ్చిందనుకుంటాడు. ఎప్పీ అని పేరు పెట్టి పెంచుకుంటాడు. అల్లరి మాన్పిద్దామని ఒకసారి బొగ్గులు పోసే అరలో కూర్చోబెడతాడు. కడిగి, బట్టలు మార్చాడో లేదో, పిల్ల మళ్లీ తనే వెళ్లి ఆ బొగ్గుల్లో కూర్చుంటుంది. ఇక శిక్షల జోలికి పోడు. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేసి ఏడ్చాను. పిల్ల వచ్చేది పన్నెండో అధ్యాయంలో. అప్పటిదాకా కథ నెమ్మదిగా నడుస్తుంది, దయచేసి వదిలేయకండి.

చివరి పేజీలో కాళ్ల మీద పడి, అందరూ కలిసిపోయే నవలలు నాకు ఎక్కవు. ఇంట్లో చోటు దొరకడానికి చాలా రోజులు పడుతుంది. ఆ రోజులన్నీ పుస్తకంలో ఉండాలి. తెలుగులో అడివి బాపిరాజు 'నారాయణరావు' అందుకే నాకిష్టం. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో 'వేయిపడగలు'తో బహుమతి పంచుకున్న నవల. జమీందారు కూతురు శారద మొగుణ్ణి మొగుడిగా ఒప్పుకోవడానికి ఎంత కాలం పడుతుందో చూడండి. మీరూ చెన్నైలోనే ఉంటే ఎగ్మూరు కన్నెమరా లైబ్రరీలో, తెలుగు పుస్తకాల విభాగంలో అడగండి.

ఇక మా ఇద్దరి పుస్తకం, మాంట్‌గొమరీ 1908లో రాసిన 'ఆన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్'. మాథ్యూ, మెరిల్లా అనే అన్నాచెల్లెళ్లు పొలం పనికి మగపిల్లాణ్ణి పంపమని అనాథాశ్రమానికి కబురు పెడితే ఆడపిల్ల వస్తుంది. నలుగురిలో నోరు విప్పని మాథ్యూ, ఈ పిల్ల బట్టలు తోటిపిల్లల బట్టల్లా లేవని గమనించి, బుట్టచేతుల గౌను కుట్టిస్తాడు. పాపకు పదేళ్లప్పుడు రాత్రిపూట ఒక్కో అధ్యాయం చదివి తెలుగులో చెప్పేదాన్ని. నిన్ను అత్తా అని పిలవనా అని మెరిల్లాను ఆన్ అడుగుతుంది. వద్దు, మెరిల్లా అను చాలు అంటుంది ఆవిడ. అక్కడ పాప నన్ను ఆపి, "నేనూ నిన్ను పేరు పెట్టి పిలవనా?" అంది. మూడేళ్లలో అది నన్ను అడిగిన మొదటి కోరిక. సరేనన్నాను.

గూడూరు నుంచి వచ్చిన వాళ్ల అమ్మమ్మ అది విని మండిపడింది. పాప ఇప్పుడు ప్లస్ టూ. ఇప్పటికీ పేరు పెట్టే పిలుస్తుంది. ఆవిడ ఇప్పుడు ఫోన్ చేస్తే, "నిన్ను పేరు పెట్టి పిలిచే పిల్ల అన్నం తిందా అమ్మా?" అని నన్నే అడుగుతుంది.