గీజర్ ఒక చివర, బాత్రూమ్ ఇంకో చివర: రీసర్క్యులేషన్ పంప్‌కి లోన్ తీసుకోవచ్చా?

మీ ప్రశ్న ఇదీ: బాత్రూమ్‌కి వేడినీళ్లు వచ్చేలోపు అరబకెట్ చల్లనీళ్లు వృథా అవుతున్నాయి, ప్లంబరేమో పైపులో చల్లారిన నీళ్లని తిరిగి గీజర్‌కి తెచ్చే రిటర్న్ పైపు విడిగా వేసి, నీళ్లని అలా తిప్పే రీసర్క్యులేషన్ పంప్ 24 గంటలూ తిరిగేలా పెడదాం అంటున్నాడు, ఇంకొకరు సింక్ కింద వేడి, చల్లనీళ్ల పైపుల్ని కలిపే వాల్వ్ పెడితే చాలన్నారు, ఖర్చులో చాలా తేడా ఉంది, ఎలాగూ హోమ్ లోన్ టాప్-అప్ తీసుకుంటున్నారు కాబట్టి అందులో కలిపేయాలా అని.

లోన్ సంగతి ముందు చెప్పేస్తా, వద్దండీ. టాప్-అప్ 15 ఏళ్లు కడతారు, పంప్ అన్నేళ్లు రావడం కష్టం, అది పాడై కొత్తది పెట్టించుకున్నాక కూడా పాతదానికి వడ్డీ కడుతూ ఉంటారు. ఇది ఆగగలిగే ఖర్చే, కొన్ని నెలలు పక్కన పెట్టుకుని చేయించుకోండి.

ఇక ఏది పెట్టాలంటే, కొటేషన్‌లో కనపడని ఖర్చు ఒకటుంది, నా బాధంతా దాని గురించే. చాలామంది పంప్ కరెంటు తినేస్తుందేమో అని భయపడతారు కానీ 25 వాట్ల పంప్ రోజంతా తిరిగినా 0.6 యూనిట్లే. అసలు దెబ్బ పైపు దగ్గర పడుతుంది. వేడినీళ్లు ఆగకుండా తిరుగుతుంటే పైపు పొడవునా వేడి గోడల్లోకి పోతూనే ఉంటుంది. వెళ్లేది 20 మీటర్లు, తిరిగొచ్చేది 20 మీటర్లు అనుకోండి, ఇన్సులేషన్ బాగానే ఉన్నా మీటరుకి సుమారు 10 వాట్లు పోతాయి, మొత్తం 400 వాట్లు, అంటే రోజుకి 9.6 యూనిట్లు! ఇన్సులేషన్ లేకపోతే దీనికి మూడింతలు కూడా అవ్వచ్చు.

మరి ఇప్పుడు మీకు పోతున్నదెంత? ముప్పావు అంగుళం పైపులో మీటరుకి దాదాపు 0.3 లీటర్ల నీళ్లుంటాయి, 20 మీటర్లకి 6 లీటర్లు. వాటిని 35 డిగ్రీలు వేడెక్కించడానికి పావు యూనిట్ పడుతుంది, రోజుకి 8 సార్లు పైపు పూర్తిగా చల్లారినా 2 యూనిట్లు దాటదు. 2 యూనిట్లు మిగుల్చుకోవడానికి 9.6 యూనిట్లు ఖర్చు పెట్టే సెటప్ నేనైతే ఎవరికీ చెప్పను. కనీసం టైమర్ అయినా లేకుండా ఒప్పుకోకండి.

మీ ఇంటికి నాకు నచ్చింది బటన్ నొక్కితే తిరిగే పంప్. స్నానానికి వెళ్లే ముందు నొక్కుతారు, వేడి తగలగానే దానంతటదే ఆగిపోతుంది, ఆ సింక్ కింద వాల్వ్ ద్వారా చల్లనీళ్ల పైపునే రిటర్న్‌గా వాడుకుంటుంది కాబట్టి గోడలు పగలగొట్టే పని లేదు. ఒక్కటే ఇబ్బంది, కాసేపు చల్లనీళ్ల ట్యాప్‌లో గోరువెచ్చగా వస్తాయి. ఎలాగూ టైల్స్ తీసేసి రిపేర్లు చేయిస్తుంటే మాత్రం రిటర్న్ పైపు అప్పుడే ఇన్సులేషన్‌తో వేయించేయండి, తర్వాత దానికోసమే గోడ పగలగొడితే పంప్ కంటే టైల్స్ పనికే ఎక్కువవుతుంది.

ఈ బటన్ పంప్ వల్ల మిగిలేది ముఖ్యంగా నీళ్లు. రేపు పొద్దున్నే ట్యాప్ కింద బకెట్ పెట్టి వేడినీళ్లు వచ్చేదాకా పట్టి కొలవండి, పైపు కూడా వేడెక్కాలి కాబట్టి 6 లీటర్ల కంటే కాస్త ఎక్కువే రావచ్చు. రోజులో అలా చల్లారిన పైపుతో మొదలయ్యేవే లెక్కపెట్టండి, ఒకరి స్నానం అవ్వగానే ఇంకొకరు వెళ్తే అది లెక్కలోకి రాదు. 6 లీటర్లు 8 సార్లంటే ఏడాదికి 17,500 లీటర్లు. దాన్ని మీ నీటి రేటుతో గుణించి, పంప్ ప్లస్ కూలీ మొత్తాన్ని దాంతో భాగించండి, ఎన్నేళ్లకి తిరిగొస్తుందో తెలుస్తుంది. పదేళ్లు దాటితే అది పొదుపు కాదు, సౌకర్యం కోసం పెట్టే ఖర్చు, పెట్టుకోవచ్చు తప్పేం లేదు, కాకపోతే సెలవుల టూర్‌కి తీసే డబ్బుల్లోంచి పెట్టుకోండి.

మీది ట్యాంక్ లేని ఇన్‌స్టంట్ గీజర్ అయితే అడ్వాన్స్ ఇచ్చేముందు వారంటీ కార్డు చదవండి, రీసర్క్యులేషన్ పెడితే వారంటీ తగ్గించేవి ఉంటాయి, పైగా పంప్ ఫ్లో సరిపోకపోతే ఆ గీజర్ అసలు ఆన్ అవ్వదు.