కిన్నరుడంటే చెడ్డమనిషా?

సందేహం: “కిం” అనే మాట నిందను చెబుతుందనీ, కాబట్టి కిన్నరుడంటే కుత్సితుడైన నరుడు, అంటే చెడ్డమనిషి అనీ మా మాస్టారు చెప్పారు. దేవలోకంలో పాటలు పాడేవాళ్లకు అలాంటి పేరు ఎందుకొచ్చింది? కిన్నరులు, కింపురుషులు వేరువేరా? మన కిన్నెర వాద్యానికీ వీళ్లకూ సంబంధం ఉందా?

సమాధానం: మీ మాస్టారి మాటకు వ్యాకరణంలో ఆధారం ఉంది. “కిం క్షేపే” అని పాణిని సూత్రం. క్షేపమంటే నింద. భారవి కిరాతార్జునీయం మొదటి సర్గలో “స కింసఖా సాధు న శాస్తి యోఽధిపమ్” అంటాడు. ఏలికకు మంచి చెప్పనివాడు ఏం స్నేహితుడు అని. “వాడేం మనిషండీ!” అని మనం రోజూ అనేదీ ఇదే తీరు. “ఏం” అని అడగడంలోనే తిట్టు ఉంది.

చిక్కంతా కుత్సితుడు అన్నదాన్ని చెడ్డవాడు అని తెలుగు చేయడంలో వచ్చింది. ఇక్కడ తక్కువ చేసింది గుణాన్ని కాదు, ఆకారాన్ని. “స్యాత్కిన్నరః కింపురుషస్తురంగవదనో మయుః” అని సంస్కృత నిఘంటువు అమరకోశం. తురంగవదనుడంటే గుర్రం ముఖం గలవాడు. మెడ కిందంతా మనిషి, పైన గుర్రం తల. అలాంటివాడు ఎదురుపడితే ఎవరికైనా ముందు వచ్చే అనుమానం “ఇతను మనిషేనా?” అనే కదా. ఆ అనుమానమే పేరైంది. మోదుగు పువ్వును చూడండి. ఎర్రగా, కొన వంగి, అచ్చం చిలక ముక్కులా ఉంటుంది. “చిలకా ఏమిటి?” అనిపిస్తుంది కాబట్టి అది కింశుకం. దాన్ని చెడ్డ చిలక అని ఎవరూ అనరు. కిన్నరుణ్ణీ అలాగే చూడాలని నా అభిప్రాయం.

అయితే ఈ మాటల పాత చరిత్రలో కొంత చిన్నచూపు లేకపోలేదు. వేద గ్రంథమైన ఐతరేయ బ్రాహ్మణంలో కింపురుషుడు పాటగాడు కాడు. మేధం, అంటే యజ్ఞానికి పనికొచ్చే సారం, మనిషిని విడిచి గుర్రంలోకి వెళ్లిందట. అది పోయాక మిగిలినవాడు కింపురుషుడయ్యాడని అక్కడి కథ. కావ్యాల కాలానికి వచ్చేసరికి వీళ్ల హోదా పెరిగిపోయింది. కుమారసంభవం మొదటి సర్గలో హిమాలయ వర్ణన చదవండి. కొండగుహల నోళ్ల నుంచి గాలి లేచి, వెదుళ్ల రంధ్రాల్లో దూరి మోగుతుంది. గొంతెత్తి పాడబోతున్న కిన్నరులకు ఆ కొండే శ్రుతి పడుతున్నట్టుంది అంటాడు కాళిదాసు. ఎన్నిసార్లు చదివినా నాకు ఆ శ్లోకం దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది.

ఇక రెండో ప్రశ్న. అమరకోశంలో కిన్నరుడు, కింపురుషుడు పర్యాయపదాలే. పురాణాలు వేరు చేస్తాయి. భాగవతం 3వ స్కంధంలో బ్రహ్మ తన ప్రతిబింబాన్ని చూసుకుని కిన్నరులనూ కింపురుషులనూ సృష్టించాడని, వాళ్లు జంటలుగా చేరి వేకువన అతణ్ణి కీర్తిస్తూ పాడతారని ఉంది. గుర్రం ముఖం, మనిషి ఒళ్లు ఉంటే కిన్నరుడు, మనిషి ముఖం, గుర్రం ఒళ్లు ఉంటే కింపురుషుడు అని పంచి చెప్పేవాళ్లూ ఉన్నారు. మీరు రాసేటప్పుడు “కిన్నర కింపురుషులు” అని జంటగా వాడినా తప్పు లేదు.

వీళ్లందరినీ కలిపి ఇప్పుడు “అర్ధదేవతలు” అని రాస్తున్నారు. నాకు అది నచ్చదు. సగం దేవుడు, సగం మరొకడు అనే లెక్క మన నిఘంటువుల్లో లేదు. అమరకోశం రాసిన అమరసింహుడు విద్యాధరులు, అప్సరసలు, యక్షులు, రాక్షసులు, గంధర్వులు, కిన్నరులు, పిశాచులు, గుహ్యకులు, సిద్ధులు, భూతాలు అని 10 తెగలు చెప్పి, అందరినీ “దేవయోనయః” అన్నాడు. దేవతల నుంచి పుట్టుక గలవాళ్లని అర్థం. రాక్షసులూ పిశాచులూ కూడా అందులో ఉన్నారు, గమనించారా? దేవయోనులు అనే మాట మనకు ఉండగా కొత్తది ఎందుకు?

హిందీలో హిజ్రాలను కిన్నర్ అంటారు. ఆ వాడుక హిందీది. తెలుగులో కిన్నరులు అంటే ఆ అర్థం రాదు కాబట్టి, వార్తల్లో దాన్ని యథాతథంగా దించితే చదివేవాళ్లకు కన్‌ఫ్యూజన్ తప్పదు.

కిన్నెర వాద్యానికి మాత్రం వీళ్లతో పేరు చుట్టరికం ఉంది. సంగీత శాస్త్రాల్లో కిన్నరీ వీణ ఉంది, అదే తెలుగు నోట కిన్నెర అయింది. బసవపురాణంలో ఈ వాద్యం వాయించే కిన్నర బ్రహ్మయ్య కథ ఉంది కాబట్టి, వాద్యానికి “కిన్నర” అనే రూపం కూడా పాతదే. వెదురు కర్రకు సొరకాయ బుర్రలు కట్టి, కర్ర మీద మెట్లు అమర్చి తీగలు మీటే ఈ వాద్యాన్ని తెలంగాణలో తరతరాలుగా కాపాడినవాళ్లు డక్కలి కులంవాళ్లు. 12 మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది.