నవ్వించే సైన్స్ ఫిక్షన్: ముందు నవల చదవాలా, ఆడియో నాటకం వినాలా?

ముందు వినండి. పుస్తకం ఎక్కడికీ పోదు.

నవల చదవకుండా నాటకం వింటే అసలు రుచి పోతుందేమోనని అడిగారు. 'ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ' విషయంలో ఆ బెంగే అక్కర్లేదు, అది పుట్టిందే రేడియోలో. 1978 మార్చి 8న బీబీసీ రేడియో 4లో మొదటి భాగం వచ్చింది. డగ్లస్ ఆడమ్స్ నవల వచ్చింది ఆ మరుసటి ఏడాది. డిగ్రీ రోజుల్లో ఆ నవల రెండుసార్లు మొదలుపెట్టి వదిలేశాను. వాక్యాలు అర్థమయ్యేవి గానీ నవ్వు వచ్చేది కాదు. అదే నాటకంలో కథ చెప్పే పీటర్ జోన్స్ గొంతులో వింటే, భూమి నాశనమైపోయే సంగతి కూడా స్టేషన్లో రైలు ఆలస్యమని చెప్పినంత నింపాదిగా చెప్తాడు. దిగులు రోబో మార్విన్‌గా స్టీఫెన్ మూర్ నిట్టూరిస్తే చాలు, నాకు నవ్వు ఆగదు. హాస్యం ప్రాణమంతా ఆ విరుపులోనే ఉంటుంది.

ఇదే వరుసలో మూడో నవల 'లైఫ్, ది యూనివర్స్ అండ్ ఎవ్రీథింగ్' సంగతి మాత్రం తిరగబడింది. 1982లో పుస్తకం, 2004లో డర్క్ మాగ్స్ చేసిన రేడియో నాటకం. నాకు అన్నిటికంటే ఇష్టం అదే, దానికి కారణం మా నాన్న.

ఓ ఆదివారం రాజమండ్రిలో ఇంటి వసారాలో కూర్చుని ఇద్దరం చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాం. ఫోన్ స్పీకర్లో ఈ నాటకం పెట్టాను. కథ లండన్‌లోని లార్డ్స్ క్రికెట్ మైదానానికి వచ్చింది, కామెంటరీ మొదలైంది. నాన్న చెయ్యి ఆగిపోయింది.

"ఏరా, ఇది బ్లోఫెల్డ్ గొంతు కదూ? ఏ మ్యాచ్?"

నిజంగా క్రికెట్ కామెంటేటర్ హెన్రీ బ్లోఫెల్డే. నాటకంలో తన పాత్ర తనే వేశాడు. పక్కన ఇంగ్లండ్ పాత ఫాస్ట్ బౌలర్ ఫ్రెడ్ ట్రూమన్ కూడా ఉన్నాడని చెప్పాను. ఇంకేముంది, నాన్న 1952కి వెళ్ళిపోయారు. లీడ్స్‌లో రెండో ఇన్నింగ్స్, మన స్కోరు సున్నా దగ్గరే 4 వికెట్లు. అందులో 3 ట్రూమన్‌వి, అదీ అతని మొదటి టెస్టులో. మా తాత ఆ సంగతి చచ్చేదాకా చెప్పుకుని బాధపడేవారట. ఈలోగా మైదానం నడుమ సోఫా ప్రత్యక్షమైంది, తెల్లటి రోబోలు దిగి, ఇంగ్లండ్, ఆస్ట్రేలియా పోటీపడే యాషెస్ కలశం ఎత్తుకుపోయాయి. "గ్రౌండులో సోఫా ఏంట్రా!" అంటూ నాన్న కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. సైన్స్ ఫిక్షన్ అంటే ఆమడ దూరం పోయే మనిషి! ఆ పుస్తకం చేతికిస్తే మాత్రం అట్ట కూడా తిప్పరు.

ఒక్క మాట, దయచేసి ఒకటిన్నర స్పీడులో వినకండి. మా ఆఫీసులో అందరికీ అదే అలవాటు. రచయిత ఎక్కడ ఆపమన్నాడో అక్కడ ఆగకపోతే జోకు చచ్చిపోతుంది. ఇంకొకటి, ఒకే గొంతు మొదటి నుంచి చివరిదాకా చదివేసి దానికి ఆడియో డ్రామా అని పేరు పెట్టి అమ్మితే నాకు మహా కోపం. మనది రేడియో నాటకాలు విని పెరిగిన జాతి. తలుపు కిర్రుమంటే ఎవరొచ్చారో పోల్చుకున్న చెవులు మనవి. ఇలాంటి నాటకాలు తెలుగులో ఎవరైనా మొదలుపెడితే డబ్బులిచ్చి వినడానికి నేను సిద్ధం.

నాన్నతో విన్న ఆ నాటకంలో అగ్రజాగ్ అని ఒక పాత్ర ఉంది. ఎన్ని జన్మలెత్తినా ప్రతిసారీ హీరో చేతిలోనే, అతనికి తెలియకుండానే చచ్చిపోతుంటాడు. ఆ గొంతు ఆడమ్స్‌దే. ఆయన 2001లోనే పోయాడు. ఆడియోబుక్ కోసం ఎప్పుడో చదివిన రికార్డింగులోంచి తీసి కలిపారు. ఈ సంగతి చెప్తే నాన్న ఆ భాగం మళ్ళీ పెట్టమన్నారు. ఈసారి చిక్కుడుకాయల పళ్ళెం పక్కకు జరిపి విన్నారు.